కిరాయినామా మీద ఎవరి సంతకం?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మాస్టరును. ఏటా ఈ వేదిక మీద చదువు గురించి, హాజరు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయేవాణ్ణి. ఈసారి కార్యదర్శిగారు "మాస్టర్‌సాబ్, ఇళ్లల్లో పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందుచేత కిరాయినామా గురించి, అనగా ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు రాసుకునే కాగితం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

కిరాయినామా గురించి మాస్టరు కేమి తెలుసునని మీరు అడగవచ్చు. మా మొహల్లాలో ఉర్దూ చదువుకున్న పెద్దలు చాలామంది ఉన్నారు. తెలుగు మాట్లాడతారు గాని తెలుగు కాగితం చదవాలంటే వారికి కష్టం. కిరాయినామా గాని, నోటీసు గాని, మున్సిపాలిటీ ఉత్తరం గాని, ఏది వచ్చినా మగ్రిబ్ నమాజు తర్వాత మా ఇంటికి తెస్తారు. నేను చదివి ఉర్దూలో చెబుతాను. అట్లా ఇన్నేళ్లలో ఎన్నో కాగితాలు చదివినాను, కొన్ని నా చేత్తోనే రాసినాను కూడా. వాటిల్లో నేను గమనించిన సంగతి ఒకటుంది. ఇల్లు ఒకరిది, యజమాని అని సంతకం చేసేది ఇంకొకరు. ఇంట్లో కాపురముండేది, ఇల్లు పోతే బజారున పడేది ఒకరు, కిరాయిదారు అని సంతకం చేసేది ఇంకొకరు. ఈ పేరులేని వారు ఎక్కువగా మన ఆడవాళ్లే. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. అది చివర చెబుతాను.

మొదట మూలసూత్రం చెప్పుకుందాము. నికాహ్ అయినంత మాత్రాన మొగుడి ఆస్తి, పెళ్లాం ఆస్తి కలిసిపోవు. కొన్ని దేశాల్లో పెళ్లి అయిన తర్వాత సంపాదించినది ఇద్దరిదీ అనే చట్టమున్నది. మన దేశంలోనే గోవాలో పోర్చుగీసు వారి కాలం నాటి సివిల్ చట్టం ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఒడంబడిక రాసుకోకపోతే, భార్యాభర్తల ఆస్తి చెరిసగమవుతుంది. అక్కడ మతభేదం లేకుండా అందరికీ అదే చట్టం. మన దగ్గర అట్లా కాదు. 1937 షరియత్ చట్టం ప్రకారం మన వారసత్వం, మహర్, హిబా మొదలైనవి షరియత్ మీదనే నడుస్తాయి. షరియత్‌లో భార్య ఆస్తి భార్యదే, భర్త ఆస్తి భర్తదే. ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన ఇల్లు, మహర్ కింద వచ్చిన ఇల్లు, ఆమె జీతంతో కట్టుకున్న ఇల్లు, అన్నీ ఆమె సొంతం. దాని మీద వచ్చే కిరాయి కూడా ఆమెదే. భార్యను పోషించే బాధ్యత మాత్రం, ఆమెకు ఎంత ఆస్తి ఉన్నా, భర్తదే.

ఇది మనకు తెలియని సంగతి కాదు. జుమా బయానులో వింటూనే ఉంటాము, "ఇస్లాం ఆడదానికి పధ్నాలుగు వందల ఏళ్ల కిందటనే ఆస్తి హక్కు ఇచ్చింది" అని సభల్లో గర్వంగా చెబుతూనే ఉంటాము. కాని స్టాంపు కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి మరచిపోతాము. నా మనవి అంతా ఇంతే. మనం నోటితో ఒప్పుకునే హక్కు కిరాయినామా మీద కూడా కనబడాలి.

ఇప్పుడు ఒక్కొక్క సందర్భం చూద్దాము.

మొదటిది, ఇల్లు భార్య పేర ఉన్నది, కిరాయికి ఇవ్వాలి. మామూలుగా ఏం జరుగుతుంది? కిరాయికి వచ్చేవాడు వస్తాడు, దివాన్‌ఖానాలో మొగుడితో మాట్లాడుకుంటాడు. అడ్వాన్సు మొగుడి చేతికిస్తాడు. కాగితం మీద "ఇంటి యజమాని" అన్నచోట మొగుడి పేరు రాస్తారు. భార్య లోపల చాయ్ కాస్తూ ఉంటుంది. ఇందులో దురుద్దేశమేమీ ఉండకపోవచ్చు, అలవాటు అంతే. కాని దాని ఫలితం చూడండి. కిరాయిదారు ఎవరిని యజమానిగా ఒప్పుకుని ఇంట్లోకి వచ్చాడో, వారి యాజమాన్యాన్ని కిరాయికి ఉన్నంతకాలం కాదనడానికి వీల్లేదన్నది సాక్ష్య చట్టంలో ఉన్న నియమం. అది యజమానికి రక్ష. కాని ఆ రక్ష ఇక్కడ మొగుడి పేరుకు దొరుకుతుంది, అసలు ఇల్లుగల ఆమెకు దొరకదు. రేపు ఖాళీ చేయించాలంటే నోటీసు ఎవరివ్వాలి, కేసు ఎవరు వేయాలి అన్న పేచీ పుడుతుంది.

ఇంకా పెద్ద చిక్కు మొగుడు గతించిన తర్వాత వస్తుంది. పదేళ్లు ఆయన పేరు మీదనే కిరాయినామాలు, ఆయన సంతకంతోనే రసీదులు ఉన్నాయనుకోండి. ఆయన తల్లిదండ్రులో, మొదటి భార్య పిల్లలో వచ్చి "ఇల్లు మా వాడిదే, మాకూ హిస్సా ఉన్నది" అని ఆ కాగితాలే చూపిస్తారు. దస్తావేజు ఆమె పేర ఉంటే చివరకు గెలవవచ్చును. కాని ఎన్నేళ్లకు? ఇల్లు నోటి మాటతో హిబాగానో, మహర్ కిందనో ఇచ్చినదైతే ఇంకా కష్టం.

హిబా సంగతి వచ్చింది గనుక చెబుతాను. ముసల్మానులు చేసే హిబాకు మూడు కావాలి. ఇస్తున్నానని చెప్పడం, తీసుకుంటున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం. ఈ మూడూ ఉంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా హిబా చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో, హఫీజా బీబీ కేసులో, సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. కాని ఇంట్లో కిరాయిదారు ఉన్నప్పుడు స్వాధీనం ఎట్లా చేస్తారు? కిరాయిదారుతో "ఇక నుంచి కిరాయి మా బేగంకు కట్టు" అని చెప్పడమే స్వాధీనం చేయడం. అంటే ఆమె పేరు మీద రాసిన కిరాయినామా, ఆమె పేరు మీద ఇచ్చిన రసీదు, ఈ రెండూ హిబాకు సాక్ష్యాలు. "ఇల్లు నీదేలే" అని నోటితో ఇచ్చి, కిరాయి మాత్రం తన పేరు మీదే రాయించుకుంటూ పోతే ఇచ్చిన దానం మీద తానే అనుమానం పుట్టించినట్టు. మహర్ బాకీ కింద ఇల్లు ఇస్తే మాత్రం, అది బాకీకి బదులు ఇచ్చేది గనుక, నోటి మాటతో వదలక దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించడమే మేలు.

మరి భార్య ఆఫీసుకు రాలేదు, బయటి వాళ్లతో మాట్లాడదు అంటారా? అందుకు మార్గమున్నది. ఆమె భర్తకు గాని, కొడుకుకు గాని ముఖ్తార్‌నామా రాసి ఇవ్వవచ్చు. అప్పుడు కిరాయినామాలో యజమాని ఆమే. "ఆమె తరఫున ముఖ్తారు ఫలానా" అని ఆయన సంతకం చేస్తాడు. కిరాయి ఆమె బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందులోంచి ఆమె ఇంటి ఖర్చుకు సంతోషంగా ఇస్తే ఇస్తుంది, అది ఆమె ఇష్టం. పరదాలో ఉండే స్త్రీలు, చదువు రాని స్త్రీలు సంతకం పెట్టిన కాగితాల విషయంలో కోర్టులు ఎప్పటి నుంచో ఒక జాగ్రత్త పాటిస్తున్నాయి. ఆ కాగితంలో ఏమున్నదో ఆమెకు తెలియజెప్పి, ఆమె అర్థం చేసుకున్న తర్వాతనే సంతకం చేసిందని ఎదుటివాడు రుజువు చేయాలి. కాబట్టి వేలిముద్ర తీసుకుని మడిచి జేబులో పెట్టుకోవడం కాదు. తెలుగు కాగితమైతే ఉర్దూలో చదివి వినిపించండి, వినిపించినట్టు కింద రాయించండి, వినిపించినవారి సంతకం కూడా తీసుకోండి.

రెండవది, తండ్రి పోయిన ఇల్లు. ఇది మన ఇళ్లల్లో ఎక్కువ కనబడేది. తండ్రి పోతాడు. ఇల్లు పంచుకోరు. ముందు గదులు కిరాయికిస్తారు. పెద్దకొడుకు సంతకం చేస్తాడు. "పెద్దవాడు గదా" అంటారు. ఇక్కడ ఒక పొరపాటు ఉన్నది. హిందూ ఉమ్మడి కుటుంబంలో కర్త అనే వ్యక్తి ఉంటాడు, కుటుంబం తరఫున పనులు నడుపుతాడు. మన షరియత్‌లో అట్లాంటి ఉమ్మడి కుటుంబమూ లేదు, కర్తా లేడు. తండ్రి కన్నుమూసిన క్షణం నుంచి వారసులు ఎవరి హిస్సాకు వారు యజమానులవుతారు. పంపకం ఎప్పుడు చేసుకున్నా సరే, హక్కు మాత్రం ఆనాడే వచ్చింది. కాబట్టి పెద్దకొడుకు సంతకం పెద్దకొడుకు హిస్సాకే చెల్లుతుంది. తల్లి, తమ్ముడు, చెల్లెలు ఒప్పుకుంటేనో, ముఖ్తార్‌నామా ఇస్తేనో అందరి హిస్సాలకు చెల్లుతుంది.

లెక్కల మాస్టరును గనుక లెక్క చేసి చూపిస్తాను. ఒకాయన పోయినాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే గతించినారు. కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు, భార్య మహర్ బాకీ, ఆయన చేసిన వసీయత్ ఏదైనా ఉంటే మూడోవంతు మించకుండా అది, ఇవన్నీ తీసిన తర్వాత మిగిలినది పంచాలి. పిల్లలున్నారు గనుక భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుకుకు రెండు, కూతురుకు ఒకటి చొప్పున. మొత్తం ఆస్తిని 40 భాగాలు చేయండి. తల్లికి 5, కొడుకులిద్దరికీ 14 చొప్పున 28, కూతురుకు 7. కూడితే 40 అయిందా? సూరయె నిసాలో చెప్పిన వాటాల ప్రకారం వచ్చే లెక్క ఇదే.

ఇప్పుడు ఆ ఇల్లు నెలకు 8,000 రూపాయల కిరాయికి ఇచ్చారనుకోండి. భాగానికి 200 రూపాయలు. తల్లికి 1,000, కొడుకులకు 2,800 చొప్పున, కూతురుకు 1,400. ఇది నెలనెలా వచ్చే హక్కు, ఇల్లు అమ్మినప్పుడో పంచుకున్నప్పుడో వచ్చేది కాదు. తండ్రి జాయదాదులో చెల్లెలుకు హిస్సా ఉన్నదని మనమంతా ఒప్పుకుంటాము. కాని తండ్రి ఇంటి కిరాయిలో చెల్లెలు హిస్సా ఈ నెల ఎవరి జేబులో ఉన్నదని అడిగితే తల దించుకుంటాము.

"చెల్లెలు ఏనాడూ అడగలేదే" అంటారు. అడగకపోవడం వదులుకోవడం కాదు. పుట్టింటికి దారి మూసుకుపోతుందని భయపడి అడగని చెల్లెళ్లు ఎందరో ఉన్నారు. నిజంగా ఆమె వదులుకోదలిస్తే, తన హిస్సా ఎంతో తెలుసుకుని, తన ఇష్టంతో దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి. "పెళ్లికి ఖర్చు పెట్టాము గదా" అనే మాట కూడా వింటూ ఉంటాము. పెళ్లి ఖర్చు తండ్రి తన సంతోషం కొద్దీ పెట్టినది. అది వారసత్వానికి బదులు కాదు. కొడుకుల పెళ్లికీ, వలీమాకూ తండ్రి పెట్టిన ఖర్చు వారి హిస్సాలోంచి ఎవరైనా తీసేస్తున్నారా?

కిరాయిదారుతో గొడవ వచ్చినప్పుడు ఒక్కరే కోర్టుకు వెళ్లవచ్చునా అని కొందరు అడుగుతారు. సహయజమానుల్లో ఒకరు కూడా ఖాళీ చేయమని కేసు వేయవచ్చునని సుప్రీంకోర్టు 1976లో శ్రీరామ్ పసరిచా కేసులో చెప్పింది. తక్కినవారు అభ్యంతరం చెప్పనంతవరకు ఇబ్బంది లేదు. కాబట్టి అందరి పేర్లూ రాస్తే పని నడవదన్న భయం అక్కరలేదు. పని ఒకరు నడుపుకోవచ్చు, పేర్లు మాత్రం అందరివీ ఉండాలి.

వారసుల్లో మైనరు పిల్లలు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మన చట్టంలో పిల్లల పెంపకం తల్లి చేతిలో ఉన్నా, వారి స్థిరాస్తికి ఆమె దానంతటదే వలీ కాజాలదు. మేనమామ, అన్న కూడా కాజాలరు. మైనరు పిల్లల స్థిరాస్తిని బదలాయించే అధికారం తల్లికి లేదని 1918లో ఇమాంబందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1952లో సుప్రీంకోర్టు కూడా, మైనరు తరఫున అన్న చేసుకున్న ఒప్పందం చెల్లదన్నది. కాబట్టి భర్త పోయిన ఆమె, చిన్న పిల్లల హిస్సా ఉన్న ఇంటిని నాలుగైదేళ్ల లీజుకు రాసివ్వబోయే ముందు జిల్లా కోర్టుకు వెళ్లి 1890 గార్డియన్ల చట్టం కింద తనను సంరక్షకురాలిగా నియమింపజేసుకోవడం మంచిది. అట్లా నియమించబడినవారు కూడా కోర్టు అనుమతి లేకుండా ఐదేళ్లు మించిన లీజు ఇవ్వరాదు, పిల్లవాడు మేజరైన తర్వాత ఏడాది దాటేట్టుగానూ ఇవ్వరాదు. ఇదంతా తల్లిని అనుమానించి పెట్టినది కాదు, అనాథ పిల్లల సొమ్ము విషయం గనుక.

మూడవది, మనమే కిరాయికి ఉన్న ఇల్లు. మనలో ఎక్కువమందిమి ఇటువైపే ఉన్నాము. ఇంటివాళ్లు మొగుడి సంతకం ఒక్కటే అడుగుతారు, మనమూ ఇస్తాము. బాగున్నన్నాళ్లు బాగానే ఉంటుంది. మొగుడు చనిపోతేనో, గల్ఫుకు పోయి డబ్బు పంపడం మానేస్తేనో, ఇంకో ఊళ్లో ఇంకో కాపురం పెడితేనో అప్పుడు తెలుస్తుంది. ఇంటివాళ్లు కాగితం తీసి "నీ పేరెక్కడ ఉన్నదమ్మా?" అంటారు.

ఈ అక్కచెల్లెళ్లకు చట్టంలో కొంత ఆసరా ఉన్నది. అది తెలిసి ఉండాలి. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో, కిరాయిదారు చనిపోతే అతనితో కలిసి ఆ ఇంట్లో ఉన్న భార్య, కొడుకు, కూతురు కూడా కిరాయిదారులే అని రాసి ఉన్నది. తెలంగాణ ఆ చట్టాన్నే స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త చట్టం చేశారు. అయితే 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు 1960 చట్టం వర్తించదు. వాటికి 1882 ఆస్తి బదిలీ చట్టమే గతి. అందులోనూ కిరాయిదారు పోతే అతని వారసులందరూ కలిసి అతని స్థానంలోకి వస్తారు. ఇంటివాళ్లు నెలవారీ కిరాయిని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు గాని, నోటీసు లేకుండా సామాను బయట వేయడానికి ఎవరికీ హక్కు లేదు.

మొగుడు బతికి ఉండి వదిలి వెళ్లిపోతే? 2005లో బి.పి. అచల ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు, కిరాయిదారు వదిలిపెట్టిపోయిన భార్య ఆ ఇంట్లోనే ఉంటున్నప్పుడు, ఖాళీ చేయమనే కేసులో మొగుడికి ఉన్న వాదాలన్నీ తాను కూడా చేసుకోవచ్చునని చెప్పింది. అయితే ఆ తీర్పులోనే ఇంకో మాటా ఉన్నది. విడాకులైపోతే, ఆ విడాకుల ఒప్పందంలో ఇంటి సంగతి రాసుకోకపోతే, ఆ హక్కు నిలవదు. ఈ రెండో మాట మన వాళ్లు బాగా గుర్తు పెట్టుకోవాలి. ఖులా గాని, తలాఖ్ గాని పెద్దల సమక్షంలో మాట్లాడుకునేటప్పుడు మహర్, ఇద్దత్ ఖర్చు, సామాను లెక్క రాస్తారు. ఆమె ఎక్కడ ఉంటుంది, ఆ ఇంటి కిరాయి ఎవరు కడతారు అన్నది కూడా రాయాలి. 1986 చట్టం కింద తలాఖ్ ఇచ్చిన భర్త ఇద్దత్ లోపల చేయవలసిన ఏర్పాటు ఆ మూడు నెలలకే సరిపోయేది కాదు, ఆమె ముందు జీవితానికి కూడా సరిపోవాలని 2001లో డేనియల్ లతీఫీ కేసులో తీర్పు వచ్చింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024లో సుప్రీంకోర్టు, తలాఖ్ పొందిన ముస్లిం స్త్రీ అందరు స్త్రీల మాదిరిగానే మనోవర్తి కూడా అడగవచ్చునన్నది.

ఇంకా 2005 గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. కాపురముండే ఇల్లు సొంతమైనా, కిరాయిదైనా, కాగితం ఎవరి పేర ఉన్నా, ఆమెను బలవంతంగా వెళ్లగొట్టరాదని అందులో ఉన్నది. అవసరమైతే వేరే ఇల్లు చూపించమని గాని, దాని కిరాయి కట్టమని గాని భర్తను మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

ఇంత ఆసరా ఉండగా సంతకం దేనికి అంటారా? ఈ ఆసరా అంతా కోర్టు మెట్లెక్కితే దొరికేది. కాగితం మీద పేరుంటే గుమ్మం దగ్గరే జవాబు చెప్పవచ్చు. అందుచేత కిరాయికి దిగేటప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి, ఇద్దరూ సంతకం చేయండి. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. ఇద్దరూ సంతకం చేస్తే కిరాయి బాకీకి ఇద్దరూ బాధ్యులవుతారు. అది తెలిసే చేయాలి. హక్కు కావాలన్నప్పుడు బాధ్యత కూడా వస్తుంది.

పదకొండు నెలల సంగతి కూడా చెప్పి ముగింపుకు వస్తాను. మన రాష్ట్రాల్లో కిరాయినామా ఏడాదికి మించినదైనా, ఏడాది లోపుదైనా రిజిస్టరు కావాలని చట్టం. ఆ ఖర్చు తప్పుతుందనుకుని అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. మూడేళ్లకని రాసి రిజిస్టరు చేయకపోతే ఆ మూడేళ్ల గడువు నిలవదు, నెలవారీ కిరాయిగానే లెక్క. పదకొండు నెలలదే రాసుకున్నా సరే, అందులో ఇవి ఉండాలి. ఇంటి యజమానులందరి పేర్లు, వారి హిస్సాలు. ఎవరి తరఫున ఎవరు సంతకం చేస్తున్నారు, ఏ ముఖ్తార్‌నామా మీద. కిరాయి ఎవరి ఖాతాలో ఎంత పడాలి. అడ్వాన్సు ఎంత, అది ఎవరి దగ్గర ఉన్నది, ఖాళీ చేసినప్పుడు ఎవరికి తిరిగి ఇవ్వాలి. కిరాయిదారు వైపు భార్యాభర్తలిద్దరి పేర్లు. కాగితం ప్రతి ఒకటి ఇద్దరి దగ్గరా ఉండాలి. భార్య కూడా తన ప్రతి తన దగ్గర పెట్టుకోవాలి.

ఇక మొదట చెప్పిన నా తప్పు. మా అబ్బాజాన్ 2008లో గతించినారు. అమ్మీజాన్, మేమిద్దరం అన్నదమ్ములం, ఒక చెల్లెలు. దాదా, దాదీ అప్పటికే లేరు. ఇందాక చెప్పిన 40 భాగాల లెక్క ఊహించి చెప్పినది కాదు, మా ఇంటిదే. 2010 జనవరిలో ముందు రెండు గదులు నెలకు 2,000కు కిరాయికి ఇచ్చాము. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే గనుక కిరాయినామా నేనే రాసినాను. "పై ఇంటికి మేమిద్దరమే యజమానులము" అని నా చేత్తో రాసి, భాయిజాన్ సంతకం, నా సంతకం పెట్టుకున్నాము. అమ్మీజాన్‌ను మేమే చూసుకుంటున్నాము గదా అనుకున్నాము. చెల్లెలు సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తోచనే లేదు. బడిలో భిన్నాలు చెప్పే మనిషికి ఇంట్లో భిన్నం తోచలేదు.

2015 చివరలో చెల్లెలు పక్క ఊరి నుంచి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మొగుడు పనికని పోయి ఏడు నెలలు. నాలుగు నెలల కిరాయి, 2,500 చొప్పున 10,000 బాకీ పడింది. ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. "భాయ్, ఇందులో ఏమున్నదో చదివి చెప్పు" అన్నది. చదివినాను. మొగుడి పేరు ఒక్కటే ఉన్నది. "నీ పేరు లేదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మొగుడు వదిలేసిన భార్య కూడా తన వాదం చెప్పుకోవచ్చునన్న తీర్పు అప్పటికి వచ్చి పదేళ్లయింది. నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పదిహేను రోజుల్లో పిల్లలతో ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చింది.

ఆ రాత్రి మా కిరాయినామా తీసి చూసుకున్నాను. అందులోనూ ఆమె పేరు లేదు. ఆ కాగితం ఎవరో పరాయివాళ్లు రాయించినది, ఈ కాగితం నేను రాసినది. 2,000లో ఆమె హిస్సా నెలకు 350. కిరాయి పెంచిన సంగతి అటుంచి, మొదటి కిరాయి చొప్పున లెక్కేసినా 72 నెలలకు 25,200 రూపాయలు. ఆమె కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నది 10,000. ఆమె సొమ్ము మా దగ్గర ఉండగానే ఆమె బజారున పడింది.

భాయిజాన్ మొదట ఒప్పుకోలేదు. పెళ్లి ఖర్చు మాటే ఆయనా అన్నారు. అమ్మీజాన్ "నా హిస్సా సంగతి తర్వాత, పిల్లది ఇచ్చేయండి" అన్న మీదట దిగివచ్చినారు. చెరి 12,600, నెలకు కొంత చొప్పున ఏడాదిన్నరలో తీర్చినాము. కిరాయినామా మళ్లీ రాసినాము. ఈసారి నాలుగు పేర్లు, నాలుగు హిస్సాలు. అమ్మీజాన్‌కు, చెల్లెలుకు ఉర్దూలో చదివి వినిపించినాను. చెల్లెలు ఉర్దూలో సంతకం చేసింది. తర్వాత తాను వేరుగా రెండు గదులు కిరాయికి తీసుకున్నప్పుడు ఆ కాగితం కూడా తన పేరు మీదనే రాయించుకున్నది. సంతకం చేసేముందు నా దగ్గరికి తెచ్చింది గాని, చదివి చెప్పమనలేదు. తానే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "సరిగ్గా ఉన్నదా భాయ్?" అని అడిగింది.

పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ ఇంటి కిరాయినామా ఒకసారి తీసి చూడండి. ఇచ్చినదైనా, తీసుకున్నదైనా సరే. అందులో ఉండవలసిన పేరు ఏదైనా లేకపోతే, పదకొండు నెలలు నిండేవరకు ఆగకండి. తెలుగు చదవడం కష్టమైతే సంకోచించక నా దగ్గరికి తీసుకురండి, మగ్రిబ్ తర్వాత ఇంట్లోనే ఉంటాను. చిక్కుగా ఉంటే మన సంఘం వాళ్లు వకీలు దగ్గరికి తోడు వస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తారు, ఆ సంగతి కూడా అక్కచెల్లెళ్లు గుర్తుంచుకోవాలి.

ఒకరి హిస్సా ఇంకొకరి జేబులో ఉన్నంతకాలం అది అమానత్. అమానత్ తిరిగి ఇచ్చే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.